ఊరికి ఒకే ఒక్క తనాకా

నా చిన్నప్పుడు, ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో, మా ఇంటికొచ్చే లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీలో ఇంటిపేర్లు లెక్కపెట్టడమే నా ఆట. స్మిత్‌లు పేజీలకు పేజీలు. మా ఇంటిపేరు ఒక్కసారే. పక్కింట్లో అద్దెకుంటూ యూనివర్సిటీలో చదివే జపాన్ అక్క ఇంటిపేరు తనాకా, అదీ ఒక్కసారే. అందుకేనేమో ఆమె నాకు మా మనిషిలా అనిపించేది.

నవంబరులో ఒకరోజు నాలుగింటికే చీకటిపడి, వీధంతా పొగమంచు కమ్మింది. హాస్పిటల్‌లో డాక్టరుగా ఉన్న నాన్న ఫోన్ చేశారు. బస్సు గుద్దిన ఒక జపాన్ అమ్మాయిని తెచ్చారట. స్పృహ లేదు, ముఖం పోల్చుకునేలా లేదు. జేబులో దొరికిన తడి కాగితం మీద తనాకా అన్నదొక్కటే చదవడానికి వస్తోందట. పక్కింటి అమ్మాయి ఇంట్లో ఉందేమో చూడమన్నారు.

అమ్మ వెళ్ళి తలుపు కొట్టింది. లోపల లైటు లేదు, పలికేవాళ్ళు లేరు. అమ్మ తిరిగొచ్చేసరికి నేను డైరెక్టరీ తెరిచి కూర్చున్నాను.

"ఊళ్ళో ఒక్కరే అమ్మా. రెండుసార్లు చూశా. అక్కే."

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఏడుస్తూనే ఉన్నాను గానీ, లెక్క తప్పలేదన్న ధీమా మాత్రం పోలేదు.

అవసరానికి ఉంటుందని అక్క రాసిచ్చిన వాళ్ళమ్మగారి నంబరు మా వంటింటి గోడకు అంటించి ఉండేది. నేను అంకెలు చదువుతుంటే అమ్మ డయల్ తిప్పింది. "ఆ తల్లికి ఏమని చెప్పనే" అంటూనే తిప్పింది. ఇంకా రెండు అంకెలున్నాయనగా తలుపు చప్పుడైంది. గుమ్మంలో అక్క.

"ఆంటీ, కాసిని పాలున్నాయా? షాపు మూసేశారు."

అమ్మ ఫోన్ పడేసి ఆమెను కావలించుకుని, ఆమెకు అర్థం కాని తెలుగులో తిట్టిపోసింది. నేను గంతులేశాను. సంగతి విన్న అక్క మాత్రం నవ్వలేదు.

"ఇంటిపేరు ఒకటేగా, మీ దాయాదులే అయ్యుంటారు" అంది అమ్మ, మన లెక్కన.

అక్క తల అడ్డంగా ఊపింది. తా అంటే వరిపొలం, నాకా అంటే నడుమ అట. పొలాల మధ్య ఇల్లున్న ఎవరైనా ఆ పేరు పెట్టుకుని ఉండొచ్చు. వాళ్ళ దేశంలో పొలం లేని చోటేదీ? "అక్కడ మా స్కూల్లో, ఒక్క క్లాసులోనే ముగ్గురం. నీ పుస్తకం ఈ ఒక్క ఊరిది, చిన్నా" అని నా తల నిమిరి, మళ్ళీ కోటు బొత్తాలు పెట్టుకుంది.

"మీవాళ్ళు కాదన్నావుగా?" అంది అమ్మ.

"కాదు ఆంటీ. కానీ ఆమె కళ్ళు తెరిస్తే, ఆమె భాషలో పలికేవాళ్ళు అక్కడెవరున్నారు?"

పొగమంచులోకి వెళ్ళిపోయింది. బంధువులా అని నర్సు అడిగితే అవునని చెప్పిందని తర్వాత నాన్న అన్నారు. ఆ అమ్మాయి కళ్ళు తెరవలేదు. ఆమె తల్లికి ఫోన్ చేసింది అక్కే.

ఇప్పుడు లండన్ దగ్గర వాట్‌ఫర్డ్‌లో ఒక ఆఫీసులో అంకెలతోనే నా బతుకు. ఒక్కటే ఉంది, ఇక సందేహం లేదు అని తేలినప్పుడల్లా, ఏ పుస్తకంలో వెతికానని నన్ను నేను అడుగుతాను. అది నేర్చుకోగలిగాను. నేను గంతులేసిన ఆ ఐదు నిమిషాలూ ఇంకో తనాకా ఒంటరిగా ఊపిరి కోసం పెనుగులాడుతూనే ఉంది. ఆ ఐదు నిమిషాల్ని ఏ లెక్కలో వెయ్యాలో మాత్రం ఈనాటికీ తెలియలేదు.