మావయ్యగారి ఇంజిన్ ఒక్కసారీ పట్టెయ్యలేదు

మా మావయ్యగారు పోయారు. కొల్లేటికోటలో కూతురి ఇంటికి అత్తయ్యగారిని బండి మీద ఎక్కించుకుని వెళ్లి, కొరమీను పులుసు తృప్తిగా తిని, మధ్యాహ్నం నడుం వాల్చి మరి లేవలేదు. మా ఆడపడుచు ఫోనులో ఏడుస్తూ ఆ కబురు చెప్పి, "బండి నీడలోనే పెట్టాం వదినా" అంది. అంత దుఃఖంలో బండి ఊసెందుకని మా ఇంట్లో ఎవరూ అడగరు. మీకు మాత్రం చెప్పాలి.

అది పాతకాలపు టూ స్ట్రోక్ మోటారు సైకిలు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తేనే బతికే రకం. ఆయిలు తగ్గినా, వేడి మితిమీరినా పిస్టన్ లోపల బిగుసుకుపోయి ఇంజిన్ పట్టేస్తుంది. పరుగులో ఉండగా పట్టేస్తే వెనక చక్రం కూడా ఆగిపోయి మనిషిని పడేస్తుంది. మా తాడేపల్లిగూడెంలో ఆయన ఈడువాళ్ల బండ్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు పట్టేసి షెడ్డుకి వెళ్లినవే. మావయ్యగారిది ఒక్కసారీ పట్టెయ్యలేదు. రిటైరైన లెక్కల మాస్టారు, పెద్ద ఉద్యోగాల్లో ఉన్న శిష్యులు బోలెడుమంది. ఆయన గొప్ప చెప్పుకున్నది మాత్రం ఆ ఇంజిన్ గురించే. అది పట్టెయ్యకుండా తన చివరిదాకా నడవాలని ఆయన కోరిక.

దానికోసం ఆయన చేయని సేవ లేదు. మా అబ్బాయి వదిలేసిన పాలసీసాతో ఆయిలు కొలిచేవారు. సీసా కంటి ఎత్తుకు పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తుంటే వంటింట్లోంచి అత్తయ్యగారు, "పిల్లలకి పాలు పట్టినప్పుడు ఈ శ్రద్ధ ఏమైందండీ?" అని అడిగేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు. "నెయ్యి లేకపోయినా అన్నం దిగుతుంది. ఆయిలు లేకపోతే పిస్టన్ దిగదు" అని నాకు చెప్పేవారు.

చర్చిలో ఆరాధన అయ్యీ అవగానే అందరికన్నా ముందు బయటికొచ్చేది ఆయనే, బండి మీదికి ఎండ వచ్చిందేమోనని. కొల్లేటివైపు వెళ్తే మరీ కాపలా. అక్కడ చెరువుల దగ్గర చుట్టం బండి దిగడం ఆలస్యం, మర్యాదకి ఎవరో ఒకరు పైపు పట్టుకుని బురద కడిగేస్తారు. కాగిపోతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు పడకూడదని ఈయన మంచినీళ్లు కూడా పుచ్చుకోకుండా బండికి అడ్డంగా నిలబడేవారు. అది చల్లారాక ఇంజిన్ రెక్కల మధ్య ఎండిన బురదని పాత టూత్‌బ్రష్‌తో తనే తీసుకునేవారు.

మా ఆయనకి అంత ఓపిక లేదు. అందుకని నేర్చుకునే భాగ్యం నాకు దక్కింది. పెళ్లయిన కొత్తలో నన్ను బండి ఎక్కించి, ఇంజిన్ పట్టేసినా క్లచ్ పడితే చక్రం ఆగకుండా దొర్లుతుందని, ఎడమచేతి రెండు వేళ్లు ఎప్పుడూ దాని మీదే ఉండాలన్నారు. జోరుగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ మూసేస్తే పెట్రోలుతోపాటు ఆయిలూ ఆగిపోతుందని హెచ్చరించారు. "ఇంజిన్ గొంతు మారిందా, ముందు క్లచ్ పట్టు. ఆలోచించడం తరవాత" అన్నది ఆయన అసలు పాఠం.

ఈమధ్య ఆయనకి చెవుడొచ్చిందేమోనని మాకు అనుమానం కలిగింది. టీవీ మోత వీధి చివరికి వినపడేది. బండి అమ్మేద్దామని మా ఆయన అంటే మావయ్యగారికి కోపమొచ్చింది. టీవీ నాసిరకందని, తన ఇంజిన్ శబ్దం తనకి శుభ్రంగా వినపడుతోందని, అది వినపడని రోజున తనే అమ్మేస్తానని చెప్పారు. ఇంజిన్ ఎలాగూ పట్టెయ్యడం లేదు కనక నమ్మాం.

మావయ్యగారి జ్ఞాపకార్థం చర్చివాళ్లతో పెట్టుకున్న ఆదరణ కూడిక అయ్యాక బండి తెచ్చుకోవడానికి నేను కొల్లేటికోట బయల్దేరాను. అత్తయ్యగారు తనూ వస్తానన్నారు. తిరిగి ఆ బండి మీదే వస్తానని కూడా అన్నారు. దాన్ని ఆయన నిలిపిన పేరుతోనే ఇంటికి చేర్చాలని నా పట్టుదల.

ఆడపడుచు భర్త బండిని తళతళలాడేలా కడిగించి ఉంచాడు. "ట్యాంకు నిండా కొట్టించానమ్మా, దారిలో ఎక్కడా ఆగక్కర్లేదు" అన్నాడు. ఇంటికొచ్చిన మనిషిని ఖాళీ ట్యాంకుతో పంపడం వాళ్లింటా వంటా లేదు. ఇన్నేళ్లు మామగారిని చూసినవాడు కదా, ఆయిలు కలిపే ఉంటాడనుకున్నాను. కొత్త బండ్లకి అలవాటుపడ్డ ఆ మంచిమనిషి వట్టి పెట్రోలు పోయించాడు.

ఆకివీడు దాటి గణపవరం దారిలో పోతున్నాం. నాకేమీ తేడా తెలియలేదు. ఉన్నట్టుండి నా భుజం మీద రెండు దెబ్బలు పడ్డాయి. "క్లచ్ పట్టమ్మా" అన్నారు అత్తయ్యగారు.

పట్టాను. ఇంజిన్ కీచుమని ఆగిపోయింది. బండి దానంతటది దొర్లి రోడ్డు పక్కన నిలిచింది. ఆయన జీవితమంతా కాపాడుకున్నదాన్ని, ఆయన పోయి నెల తిరక్కుండా నేను పట్టించేశానా అని ఏడుపొచ్చింది. చాలాసేపు చల్లారనిచ్చి, కిక్ రాడ్‌ని కాలితో కాదు, చేత్తో నెమ్మదిగా నొక్కాను. మెత్తగా దిగింది. పట్టెయ్యలేదు. ట్యాంకు మూత తీసి వాసన చూస్తే సంగతి అర్థమైంది.

"మీకెలా తెలిసిందండీ?" అని అడిగాను.

అత్తయ్యగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. "మీ మావయ్యగారికి ఎప్పణ్ణుంచో ఇంజిన్ చప్పుడు వినపడదమ్మా. వెనక కూర్చుని నేనే వినేదాన్ని. గొంతు మారితే భుజం మీద కొట్టేదాన్ని. మీకు తెలిస్తే బండి అమ్మేస్తారని, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు." ఆ మాట అంటూ ఆవిడ నవ్వేశారు. ఆయన పోయాక ఆవిడ నవ్వగా చూడడం అదే మొదలు.

పక్కపెట్టెలో ఉన్న ఆయిలు కలిపి, బండిని బాగా ఊపి, స్టార్ట్ చేశాను. "నెమ్మదిగా పోనియ్యి" అన్నారు. పోనిచ్చాను. కాసేపటికి అద్దంలో చూస్తే, అత్తయ్యగారు కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి వింటున్నారు.