గడ్డి కింద వైఫై

మామిడి వ్యాపారి నారాయణరావు గారు కాయనైనా మనిషినైనా ముచ్చిక దగ్గర వాసన చూడందే నమ్మరు. భార్య రేవతితో కూర్చుని చూసే సీరియల్ మధ్యలో పాత స్మార్ట్ టీవీ చక్రం తిప్పడం మొదలెట్టగానే, పక్కింటి ఫణి తమ వైఫై వాడేస్తున్నాడని తేల్చేసి, అతనితో మాటలు మానేశారు. పాస్‌వర్డ్ మార్చినా లాభం లేకపోయింది. ఈమధ్య అసలు బొమ్మే రావడం లేదు. చివరికి మెకానిక్ వచ్చి, "రౌటర్ ఎక్కడుందండీ?" అన్నాడు. ఆయన అతన్ని కాయలు మగ్గవేసిన గదిలోకి తీసుకెళ్లి, ఒక మూల వరిగడ్డి తొలగించి, గోనెపట్టా ఎత్తారు. కింద రౌటర్ సెగలు కక్కుతోంది.

"పక్కింటికి సిగ్నల్ పోకుండా కప్పెట్టానయ్యా," అన్నారు గొంతు తగ్గించి.

"మరి మీ హాల్లోకి ఎలా వస్తుందండీ?"

గుమ్మంలో నిలబడ్డ రేవతి నవ్వింది. "నేను రోజూ ఫణి వాళ్లింట్లోనే చూస్తున్నాలెండి."

నారాయణరావు గారు కళ్లు చిన్నవి చేశారు. "అక్కడ ఆగకుండా వస్తోందా?"