ఊరు తెలియని తుంగ

తుంగకాడను రెండు వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి. గడ్డికాడ గుండ్రంగా జారిపోతుంది. చెరుకు తోటల్లో కలుపు తీసిన రోజుల్నుంచీ నా వేళ్లకు ఈ సంగతి తెలుసు. కానీ తుంగల్లో అన్ని రకాలున్నాయనీ, ఒక్కోదానికీ ఒక్కో పేరుందనీ అనకాపల్లిలో ఒక కాలేజీలో ఊడ్చే పనికి చేరాకే తెలిసింది. రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయి ఉంటుంది. అప్పటికి నాకు నలభై దాటాయి. అక్షరం ముక్క రాదు.

అక్కడ బోటనీ చెప్పే మేడమ్ నాకంటే పదేళ్లు చిన్న. నన్ను అక్కా అనేది. సెలవు రోజుల్లో నన్ను వెంటబెట్టుకుని రాంబిల్లి పల్లపు చేలల్లో, కొండకర్ల ఆవ అనే మంచినీటి చెరువులో దిగి, తుంగల్ని వేళ్లతో సహా తవ్వించేది. వాటిని పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, చెక్కలతో బిగించి ఎండబెట్టేది. తడి పీల్చిన పేపర్లు రోజూ తీసి పొడివి పెట్టాలి. ఆ పని తనే చేసుకునేది. చెక్కలు డాబా మీదికి మోయడం వరకే నాది.

ఆ ఏడు విదేశంలోని ఒక మ్యూజియం నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. చాలా దేశాలవాళ్లను కూర్చోబెట్టి గడ్డిజాతుల్నీ తుంగల్నీ చూసి ఏదేదో పోల్చుకోవడం నేర్పుతారట. తిరిగి వచ్చినవాళ్లు తమ ఊళ్లలో మరికొందరికి నేర్పాలి. ఎవరి మొక్కలు వాళ్లు తెచ్చుకోవాలి. ప్రతి మొక్కకూ ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసి ఉండాలి.

"మన వైపు వీటిని పోల్చేవాళ్లు ఎవరున్నారక్కా? నాకే సగం తెలీవు. పేరు తెలీనిది పోయినా, పోయిందని కూడా ఎవరికీ తెలీదు" అనేది.

ముఖ్యంగా రాంబిల్లి దగ్గర ఉప్పునీరు తగిలే పల్లంలో దొరికిన తుంగ ఒకటి ఆమెను నిద్రపోనివ్వలేదు. ఏ పుస్తకంలో రాసినదానితోనూ అది సరిపోలలేదు. ఆవలో దొరికినదీ చూడడానికి అలాగే ఉంది. రెండూ ఒకటేనా, వేరా అన్నది అక్కడికి వెళ్లి తేల్చుకోవాలి.

ప్రయాణం ఇంకా పది రోజులుందనగా వాళ్ల నాన్నగారికి గుండెనొప్పి వచ్చి విశాఖపట్నం ఆసుపత్రిలో చేర్చారు. మేడమ్ పరుగున వెళ్లింది. ఇక్కడ ఒకటే వాన. రెండో రోజు చెక్కలు విప్పి చూస్తే పేపర్లు ముద్దముద్దగా ఉన్నాయి, కాడల మీద తెల్లగా బూజు. మొక్కలన్నీ తీసి, తుడిచి, ఒక్కొక్కటీ పొడి పేపర్లో పెట్టాను. తడివన్నీ సైకిల్ స్టాండులో ఆరేశాను. ఎంత బాగా చేశానో అని మురిసిపోయాను కూడా.

నాన్నగారికి కుదుటపడ్డాక, మూడో రోజు ఆమె వచ్చి చెక్కలు విప్పింది. ఒక పేపరు చూసింది. ఇంకొకటి చూసింది. తర్వాత గబగబా అన్నీ తిప్పేసింది.

"అక్కా, పాత పేపర్లేవి?"

"తడిసిపోనాయమ్మా. స్టాండులో ఆరేసేను. ఏటి, అలగున్నావు?"

"నంబర్లు వాటి మీదే ఉన్నాయక్కా. పేపరు మార్చినప్పుడల్లా కొత్తదాని మీద మళ్లీ రాసేదాన్ని."

పేపరు మూల మీద పెన్సిలుతో ఏదో రాసి ఉండడం నేను రోజూ చూసేదాన్నే. పేపరు వేసేవాళ్లు ఏ ఇంటికి ఏదో గుర్తుండడానికి మూల మీద ఇంటి నంబరు రాస్తారు కదా, అదే అనుకున్నాను. ఆమె పుస్తకంలో నంబరు పక్కన ఊరు, తేదీ, నీటి లోతు అన్నీ ఉన్నాయి. చెక్కల మధ్య మొక్కలూ ఉన్నాయి. రెంటినీ కలిపేది మాత్రం సైకిల్ స్టాండులో రెపరెపలాడుతోంది.

ఒక్కచోటే దొరికినవాటిని చూసి ఆమె సరిచేసుకుంది. మిగతా సగానికి దారి లేదు. ఆ రెండు తుంగల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని, తల వాల్చి ఏడ్చింది.

"ఇదేనమ్మా రాంబిల్లిది" అన్నాను, ఒకదాన్ని చూపించి. "నేనే కదా తవ్వేను. నాకు గేపకముంది."

"నిజంగానా? ఒట్టు?"

"యేసయ్య మీద ఒట్టు."

ఆమె నా చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకుంది. వెంటనే ఆ మొక్కకు రాంబిల్లిదని చీటీ రాయడం మొదలుపెట్టింది. "ఈ చీటీ చాలక్కా. ఇది వేరే జాతని తేలితే, ఆ పల్లాన్ని ఎవరూ మట్టితో కప్పొద్దని నోరు తెరిచి అడగొచ్చు. వందేళ్ల తర్వాత ఎవరైనా వెతికినా అక్కడే వెతుకుతారు."

వందేళ్లు అనేసరికి ఆ తుంగను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. ఎక్కడో పుట్టబోయేవాళ్లు కూడా నా మాట నమ్మి అక్కడికి వస్తారు. ఒకవేళ అది ఆవలోదైతే?

"రాయకమ్మా. నాకు గేపకం లేదు. నువ్వేడుత్తుంటే సూడలేక సెప్పేను."

ఆమె పెన్ను ఆగిపోయింది. చీటీని నాలుగు ముక్కలు చేసింది.

మర్నాడు మొదటి బస్సుకే రాంబిల్లి వెళ్లాం. మళ్లీ తవ్వి తెచ్చుకుంటే పోతుందని ఆశ. పల్లం లేదు. ఏదో ఫ్యాక్టరీ కోసమట, మనిషెత్తున ఎర్రమట్టి పోసి చదును చేసేశారు. అక్కడ కాపలా ఉన్న ముసలాయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఏటమ్మా, ఏటి ఎతుకుతున్నారు?"

"తుంగ బాబూ" అన్నాను.

"తుంగా! మా కాలంలో పీకలేక సచ్చేవోళ్లం. మీ ఊళ్లో గేదెలు అంత సిక్కిపోనాయేటి?"

మేడమ్ నవ్వలేదు. మట్టి అంచున ఉన్న కాలవలోకి చీర ఎగ్గట్టుకుని దిగింది. నేనూ దిగాను. మధ్యాహ్నం దాకా వెతికాం. అక్కడ గుర్రపుడెక్క తప్ప ఏమీ లేదు.

తిరిగొచ్చాక ఆమె, ఊరు తెలియని మొక్కలతో రాలేనని మ్యూజియంవాళ్లకు ఉత్తరం రాసింది. మొక్కలు తేవడానికి వాళ్లు పంపిన అనుమతి కాగితాలనూ అందులోనే పెట్టి, కవరు అంటించి నా చేతికిచ్చింది. తర్వాత కొన్నాళ్లకు ఆమె దగ్గరే అంకెలతో మొదలుపెట్టి అక్షరాలు నేర్చుకున్నాను గానీ, ఆ రోజు ఆ కవరు మీద ఏ దేశం పేరుందో కూడా నాకు తెలియదు. పోస్టాఫీసు దగ్గర డబ్బాలో వేశాను. వేసిన మరుక్షణం, అది వెళ్లకపోతే ఆమె ప్రయాణం ఆగదేమో అనిపించి, చెయ్యి లోపలికి దూర్చి, దాన్ని వెనక్కి తీయాలని చూశాను. వేళ్లకు అందలేదు. వెనకాల ఎవరో, "ఏయ్, ఏటి సేత్తన్నావు?" అని అరిచారు.