అంచుల్లో పెన్సిలు రాత

నేను బడికెళ్ళే రోజుల్లో సత్తెనపల్లి బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపు ఒకటి ఉండేది. ఆ తర్వాతెప్పుడో గుంటూరు షాపింగ్ మాల్‌లో పుస్తకాలకి ప్లాస్టిక్ కాగితం చుట్టి పెట్టడం చూసి నాకు ఒళ్ళు మండింది. ముట్టుకోకుండా చదవమంటారా ఏంటి? మా షాపులో పుస్తకమంటే పది ఇళ్ళు తిరిగి, పోపు వాసనా కొబ్బరినూనె మరకా అంటించుకుని వచ్చేది.

షాపు సాయిబుగారిది అసలు బైండింగ్ పని. వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళ కాగితాలు వారం వారం చించి దాచి, కథ అయిపోగానే వరసగా కుట్టి, అట్ట వేసి అద్దెకిచ్చేవారు. అమ్మకి ఆ కుట్టిన సీరియళ్ళంటే ప్రాణం. పొద్దంతా మిరప చేలో కూలీల వెంట తిరిగొచ్చి, వంటయ్యాక గోడకి చేరగిలబడి చదివేది. చదువుతూ ఊరుకోదు. చేతిలో నా పెన్సిలు ఉండాల్సిందే.

ఒక సీరియల్లో పెళ్ళాన్ని పుట్టింటికి తరిమేసిన మొగుడి పక్కన, "వీడికి బుద్ధి ఎప్పుడొస్తుందో" అని రాసింది. కొన్నాళ్ళకి మళ్ళీ అదే పుస్తకం తెచ్చుకుంటే దాని కింద నీలం ఇంకుతో, "రాదులెండి, మావారికే రాలేదు" అని ఉంది. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "మా ఆయన నయం, అసలు మాట్లాడరు" అని జవాబు రాసింది. ఇక చూసుకోండి. అత్తగార్లు, పచ్చళ్ళు, పత్తికి కొట్టే మందు వాసనకొచ్చే తలనొప్పి, అన్నీ ఆ అంచుల్లోకి ఎక్కాయి. "చదివిందే ఎన్నిసార్లు చదువుతావే?" అని నాన్న విసుక్కునేవాడు. ఇంట్లో అమ్మతో తీరిగ్గా మాట్లాడే మనిషే లేరని నాకు అప్పుడే అర్థమైంది. ఆ నీలం ఇంకు ఆవిడ ఎవరోగానీ ఆమంటే నాకూ ఇష్టంగా ఉండేది.

పేర్లు మాత్రం ఇద్దరూ రాసుకోలేదు. షాపు గోడ మీద, "పుస్తకాల్లో రాసినవారికి ఇక పుస్తకాలు ఇవ్వబడవు" అని బోర్డు. సాయిబుగారు ఆ పుస్తకమే తిప్పి చూపిస్తూ, "చూడండమ్మా, ఎవరోగానీ బుద్ధిలేని మనుషులు!" అని తిట్టేవారు. "అవునండీ, బొత్తిగా లేదు" అని అమ్మ వంత పాడేది. నేను నవ్వాపుకోలేక బయటికి పారిపోయేదాన్ని.

ఈలోగా ఇంటింటా టీవీ సీరియళ్ళొచ్చి షాపు పలచబడింది. ఆ వరసంతా పడగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కడతారన్నారు. పాతవాళ్ళంతా తలా ఒక పుస్తకం ఊరికే పట్టుకెళ్ళమని సాయిబుగారు కబురు పెట్టారు.

"షాపే పోయాక ఇంకా భయమేంటే? ఆ పుస్తకం తెచ్చుకుంటా, ఆవిడెవరో కూడా అడిగేస్తా" అంది అమ్మ. పట్టుచీర తీసి మంచం మీద పెట్టుకుంది. కానీ ఆ రోజే కాయ కోతకి కూలీలు దొరికారు. కోత సమయంలో కూలీలు దొరికితే కదిలేదెవరు? చేనికే వెళ్ళింది.

మర్నాడు వెళ్ళేసరికి అరలు సగం ఖాళీ. ఆ పుస్తకం లేదు.

"అదా? నిన్న ఒకావిడ పట్టుకెళ్ళిందమ్మా" అన్నారు సాయిబుగారు. "ఇన్నాళ్ళూ ఎవరెవరి చేతో తెప్పించుకునేదంట, నేనూ నిన్నే చూడటం. కాపురం చీరాల మారుస్తున్నారంట. పెన్సిలుతో రాసేదెవరో చెప్పండి, ఒక్కసారి చూసి వెళతానంది. పొద్దుగూకేదాకా ఆ బల్ల మీదే కూర్చుంది పాపం."

"మీరేం చెప్పారు?"

"నాకేం తెలుసమ్మా? ఫలానావాళ్ళేమో, ఫలానావాళ్ళేమో అని మిమ్మల్ని తప్ప అందర్నీ చెప్పాను. మీరలాంటి పని చెయ్యరు గదా!"

అమ్మ ఆ బల్ల మీద కూలబడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేనేనండీ" అంది.

సాయిబుగారు గోడ మీది బోర్డు తీసి బోర్లా పెట్టారు. తిట్టినా బాగుండేది.