మంచిర్యాల ఫైనల్లో మూడు నోబాల్స్

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో మా ప్రాంతపు ఇరవై ఓవర్ల టోర్నమెంటుకు నన్ను మ్యాచ్ రిఫరీగా వేశారు. ఫైనల్ మంచిర్యాలలో, కరీంనగర్, ఆదిలాబాద్ జట్ల మధ్య. జిల్లాలు విడిపోయినా జట్లు ఇంకా పాత పేర్లతోనే ఆడుతున్నాయి. రిఫరీ అంటే చాలామంది అంపైరే అనుకుంటారు. మైదానంలో నిలబడి ఔట్, నోబాల్ చెప్పేవాడు అంపైర్. బౌండరీ బయట కూర్చుని ఆటగాళ్ల నడవడి కనిపెట్టేవాడు, ఆరోపణ వస్తే విచారించి క్రమశిక్షణ కమిటీకి నివేదిక పంపేవాడు రిఫరీ. అప్పటిదాకా నేను రాసినవన్నీ బ్యాటు విసిరికొట్టడం, అంపైర్‌ను తిట్టడం లాంటి చిల్లర గొడవలే. మ్యాచ్ ఫిక్సింగ్ అనే మాట పేపర్లో చదవడమే తప్ప నా చేత్తో రాయవలసి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ రోజు జనం విరగబడి రావడానికి కారణం అభినవ్. ఆదిలాబాద్ కుర్రవాడే. రాష్ట్ర జట్టుకు ఆడి, టీవీలో వచ్చే పెద్ద లీగులో పేరు తెచ్చుకుని, సొంత జిల్లా కోసం ఈ ఒక్క మ్యాచ్ ఆడడానికి వచ్చాడు. ఎక్కడో దూరాన ఉన్న ఇచ్చోడ నుంచి కూడా జీపులు కట్టుకుని వచ్చారు. నిర్వాహకులు అతనికి విడిగా టెంటు వేసి కూలర్ పెట్టించారు. టాస్‌కు ముందే ఆటగాళ్లందరూ సెల్‌ఫోన్లు అప్పగించాలన్నది నిబంధన. అందరివీ సంచిలో పడ్డాయి, అభినవ్‌ది మాత్రం అతని జేబులోనే ఉంది. ఇదేమిటని టోర్నమెంటు కార్యదర్శిని అడిగితే, "ఆయనకెందుకు సార్ గివన్నీ" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నేనే టెంటులోకి వెళ్లి అడిగాను. అభినవ్ మారుమాట లేకుండా ఫోన్ తీసి ఇచ్చేశాడు. మొహం మాడ్చుకున్నది కార్యదర్శి.

మా జిల్లా మైదానాల్లో అప్పట్లో పచ్చిక పిచ్‌లు లేవు. గట్టి మట్టి నేల మీద కొబ్బరిపీచు మ్యాట్ పరిచి, రెండు కొసలా ఇనుప మేకులు దిగ్గొట్టి, దాని మీద ఆడేవారు. వికెట్లు నేలలో పాతి ఉంటాయి. వాటికి నాలుగడుగుల ముందు ఉండే క్రీజు గీతను మాత్రం మ్యాట్ మీదే తెల్ల రంగుతో గీస్తారు. బౌలర్ ముందుకాలు ఆ గీతను పూర్తిగా దాటి పడితే నోబాల్. పొద్దున్నే అంపైర్లు టేపు పెట్టి కొలుస్తారు. ఆ తర్వాత మ్యాట్‌ను ఎవరూ ముట్టుకోకూడదు.

మొదట బ్యాటింగ్ చేసిన కరీంనగర్ మంచి స్కోరే చేసింది. ఆదిలాబాద్ తరఫున అభినవ్ ఒక్కడే నిలబడి దాన్ని వెంటాడుతున్నాడు. చివరి ఓవర్‌కు కరీంనగర్ కెప్టెన్ బంతిని సాగర్ చేతికిచ్చాడు. సాగర్‌ది సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికే పద్మశాలీల ఇల్లు. టోర్నీ మొత్తం మీద అంత వేగంగా వేసినవాడు లేడు. ఆ వారంలోనే హైదరాబాద్‌లో రాష్ట్ర జట్టు సెలక్షన్లకు అతనికి పిలుపు వచ్చింది. అంతకుముందు తన ఓవర్లన్నీ రైలు పట్టాల వైపు నుంచి వేసి అభినవ్‌ను బిగించి పట్టాడు. ఇప్పుడు రెండో కొస నుంచి, అంటే ఊరి వైపు నుంచి వేయాలి.

ఆదిలాబాద్ గెలవాలంటే బంతికి రెండు పరుగులకు పైనే కావాలి. నేను రిఫరీనన్న సంగతి మరిచి కుర్చీ అంచుకు జరిగాను. మొదటి బంతికే అంపైర్ యాదగిరి చెయ్యి చాపాడు, నోబాల్. నోబాల్ తర్వాతి బంతికి బ్యాటర్ రనౌట్ తప్ప ఔట్ కాడు. దాన్ని ఫ్రీ హిట్ అంటారు. అభినవ్ దాన్ని స్టాండు మీదికి లేపాడు. ఇలాంటప్పుడు ఏ బౌలరైనా తన పరుగు మొదలుపెట్టే గుర్తును ఓ అడుగు వెనక్కి జరుపుకుంటాడు. సాగర్ వికెట్ల దగ్గర్నుంచి మళ్లీ అడుగులు కొలుచుకుని, పాత గుర్తు దగ్గరే నిలబడ్డాడు. మళ్లీ నోబాల్. ఆ తర్వాత ఇంకొకటి. మైదానం ఊగిపోయింది. ఓవర్ పూర్తికాకముందే ఆదిలాబాద్ గెలిచింది.

అభినవ్‌ను భుజాల మీదికి ఎత్తుకున్న జనమే సాగర్‌ను చూసి "అమ్ముడువోయిండు! అమ్ముడువోయిండు!" అని అరవడం మొదలుపెట్టారు. అతని కాలు గీత దాటిన వీడియో అప్పటికే అందరి ఫోన్లలో తిరుగుతోంది. సొంత జట్టు మేనేజరే అతని చొక్కా పట్టుకున్నాడు. నేను అడ్డం పడి, సాగర్‌ను స్కోరర్ల టెంటులోకి తీసుకుపోయాను. వెనకే వచ్చిన కార్యదర్శి అప్పటికప్పుడు సస్పెండ్ చేయమన్నాడు. సస్పెన్షన్ మాట దేవుడెరుగు, ఫిక్సింగ్ ఆరోపణ తేలకుండా ఉంటే చాలు, సెలక్షన్లలో గేటు లోపలికి రానివ్వరు. ఆ ముక్క సాగర్‌కూ తెలుసు.

రెండో ఇన్నింగ్స్‌కు ముందు ఎక్కడున్నావు, ఎవరితో మాట్లాడావు, పిచ్ దగ్గరికి వెళ్లావా, చివరి ఓవర్లో ఏం జరిగింది అని సాగర్‌ను వరసగా అడిగాను. బువ్వ తిన్నానని, ఎవరితోనూ మాట్లాడలేదని, పిచ్ దగ్గరికి పోలేదని చెప్పాడు. నోబాల్స్ సంగతి మాత్రం ఇలా చెప్పాడు. "నా అడుగులు నేను కొలుసుకున్న సార్. వికెట్ కాడికెల్లి కొలిసిన. రెండోపారి గూడ కొలిసిన, సరిగ్గనే ఉన్నది. గీత దాటి కాలెట్ల వడ్డదో నాకే సమజైతలేదు."

ఇక అభినవ్‌ను పిలిపించండి అన్నాను. కార్యదర్శి ఉలిక్కిపడ్డాడు. "ఆయన్నెందుకు సార్? ఆయనేం జేసిండు? పరేషాన్ జేస్తే మల్ల మన దిక్కు వస్తడా?" ఒకడు అమ్ముడుపోయాడంటున్నారు కదా, అమ్ముడుపోతే లాభం ఎవరికి, అవతలి జట్టుకే కదా, మరి వాళ్లను అడగకుండా విచారణ ఎలా అవుతుందని గట్టిగానే అన్నాను. అయినా అతను కదల్లేదు. చివరికి నేనే సెల్ఫీలు దిగుతున్న గుంపును తోసుకుంటూ వెళ్లి అభినవ్‌ను తీసుకొచ్చాను. సాగర్ కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చోబెట్టి, అవే ప్రశ్నలు, అదే వరసలో అడిగాను.

పిచ్ దగ్గరికి వెళ్లావా అన్న ప్రశ్నకు అతను ఏమాత్రం తడుముకోలేదు. "పోయిన సార్. బ్యాటింగ్‌కు ముంగట చూసుకుందామని పోయిన. ఊరి దిక్కు మ్యాట్ మడత లేచి ఉండె. గ్రౌండ్స్‌మన్ పోశెట్టితోని జర గుంజి కొట్టుమన్న. ఆయన మేకులు వీకి, గుంజి, మల్ల కొట్టిండు."

నేను కుర్చీలోంచి ఎగిరి లేచాను. ఊరి వైపు! మ్యాట్‌ను ఆ కొస నుంచి గుంజితే దాని మీది గీత కూడా వికెట్ల వైపు జరుగుతుంది. వికెట్లు ఉన్నచోటే ఉంటాయి. వికెట్ల దగ్గర్నుంచి అడుగులు కొలుచుకునే సాగర్ కాలు ఎప్పుడూ పడేచోటే పడుతుంది, గీతే వెనక్కి పోయి ఉంటుంది. రెండో కొస కదల్లేదు కాబట్టి రైలు పట్టాల వైపు అతనికి ఇబ్బంది రాలేదు. ఊరి వైపు నుంచి అంతకుముందు వేసినవాళ్లు స్పిన్నర్లు. వాళ్ల కాలు గీత దరిదాపులకు కూడా రాదు.

అంతా సరే గానీ, మ్యాట్ ఇంకా ఉందా? తెల్లారితే అదే మైదానంలో ఏదో సభ. ఆ సాయంత్రమే మ్యాట్ చుట్టి పెట్టాలి. నేను, యాదగిరి, సాగర్ పరుగు తీశాం. నా వయసులో అలా పరుగెత్తడం ఏమిటని జనం నవ్వుతున్నారు, నాకు పట్టలేదు. గ్రౌండ్స్‌మన్ పోశెట్టి రైలు పట్టాల వైపు మేకులన్నీ పీకేసి, మ్యాట్ చుట్టుకుంటూ పిచ్ సగం దాకా వచ్చేశాడు. "ఆపు పోశెట్టీ!" అని నేను పెట్టిన కేకకు చేతిలోది అక్కడే వదిలేశాడు.

ఊరి వైపు మేకులు బిగింపుగా అలాగే ఉన్నాయి. గుంజినప్పుడు మిగిలిన అంచును కిందికి మడిచి కొట్టాడు. యాదగిరి టేపు పట్టాడు. నాలుగడుగులు ఉండాల్సిన చోట జానెడు తక్కువ వచ్చింది. ఇంకోసారి కొలవమన్నాను. మళ్లీ అంతే వచ్చింది. సాగర్ అలాగే మట్టిలో చతికిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నాకు గంతులేయాలనిపించింది. పదవికి తగదని ఊరుకున్నాను గానీ, ఉద్యోగంలో అంత సంబరం నాకు మళ్లీ కలగలేదు.

అంపైర్‌ను అడగకుండా మ్యాట్ ఎందుకు ముట్టుకున్నావని పోశెట్టిని అడిగితే, "అభినవ్ చెప్తే ఎవర్ని అడగాలె సారూ?" అన్నాడు. అతను వెటకారంగా అన్న మాట కాదది. ఆ రోజు అక్కడున్న అందరి తీరూ అదే.

నివేదిక రాసేటప్పుడు కార్యదర్శి ఇంకో మెలిక పెట్టాడు. సాగర్‌పై ఆరోపణ కొట్టేద్దాం, క్లియరెన్స్ లేఖ ఈ రాత్రికే ఇప్పిస్తాను, మ్యాట్ గుంజింది మాత్రం పోశెట్టి సొంత తెలివి అని రాయండి, అభినవ్ పేరు ఎత్తకండి అన్నాడు. ఆ లేఖ మీద అతని సంతకం లేకపోతే సాగర్‌కు సెలక్షన్లు పోయినట్టే. నేను కలం మూసి, వాంగ్మూలం ఇవ్వడానికి అక్కడే ఉన్న అభినవ్ వైపు చూశాను. "నా పేరు రాయుండ్రి సార్," అన్నాడు. "గుంజుమన్నది నేనే. గా ముచ్చట లేకుంటే పోశెట్టి నౌకరీ పోతది, సాగర్‌ను జనం దొంగనే అంటరు." తన వాంగ్మూలం కింద తనే సంతకం చేశాడు. ఇక కార్యదర్శి లేఖ మీద సంతకం పెట్టాడు.

మ్యాచ్ ముగిశాక ఫలితం మార్చే అధికారం నిబంధనల్లో లేదు, కప్పు ఆదిలాబాద్‌కే పోయింది. అనుమతి లేకుండా పిచ్ మార్పించినందుకు అభినవ్‌పై కమిటీ ఒక మ్యాచ్ నిషేధం విధించింది. సాగర్ సెలక్షన్లకు వెళ్లాడు. ఆ ఏడు ఎంపిక కాలేదు, తనకంటే మంచి బౌలర్లు ఉన్నారని తిరిగొచ్చి తనే చెప్పాడు. ఆ తర్వాత నా మ్యాచ్‌లన్నింటిలో రెండో ఇన్నింగ్స్‌కు ముందు కూడా గీత కొలిపించాను. పేరున్న ఆటగాణ్ణి ప్రశ్నించకుండా వదిలేయడం మర్యాద అనుకుంటారు. ఆ సాయంత్రం అభినవ్‌ను ఆ మర్యాదతోనే సాగనంపి ఉంటే, మ్యాట్ గుంజిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు, నేను సాగర్‌ను దోషిగా రాసి సంతకం చేసేవాణ్ణి.