పరుపుబండ దిక్కుగా

ఉపగ్రహం తీసిన బొమ్మలో నేల ఏ రకమో తేల్చడం నా ఉద్యోగం. అడవి, పొదలు, గడ్డినేల, సాగుభూమి, నీళ్లు, ఊరు, ఉత్త రాయి. ప్రపంచంలో ఏ మూలకు పోయినా ఇవే రకాలు, వాటికి ఇవే రంగులు. కంప్యూటర్ ముందుగా తనకు తోచిన రంగులు వేసేస్తుంది. అది నిజమో కాదో తెలియాలంటే ఎవరో ఒకరు ఆ చోటికి నడిచిపోయి కళ్లారా చూడాలి. మాది హిందూపురమే కాబట్టి అక్కడినుంచి ధర్మవరం దాకా ఉన్న చోట్లు నాకు ఇవ్వమని అడిగి తీసుకున్నాను.

మొన్న శివరాత్రి దాటాక పెనుకొండ అవతల ఒక కొండ ఎక్కాం. నాతో ఉన్నది మా జీపు డ్రైవరు. హిందూపురం సాయిబు, నాకన్నా బాగా పెద్దవాడు. ఆడమనిషిని ఒంటరిగా కొండకు పంపడం ఆయనకు మనసొప్పదు. జీపుకు తాళం వేసి, నీళ్ల సీసాలు పట్టుకుని వెంట వచ్చేవాడు.

కొండ నడుమ బోద గడ్డి మొలలోతు పెరిగి ఎండిపోయి ఉంది. ట్యాబ్‌లో గడ్డినేల అని నొక్కి ఫొటో తీస్తుంటే కాలిన వాసన వచ్చింది. ఎవరో బీడీ కాలుస్తున్నారనుకున్నాను.

"మేడం, ఈడికి రాండి" అన్నాడు డ్రైవరు. చెయ్యి కిందివైపు చూపిస్తున్నాడు.

మేం ఎక్కి వచ్చిన కాలిదారి కనిపించలేదు. దాని చోట తెల్లటి పొగ. పొగ అడుగున ఎర్రటి గీత ఒకటి కదులుతోంది. వానలకు లేతగడ్డి బాగా వస్తుందని ఎండుగడ్డికి నిప్పు పెట్టే అలవాటు మావైపు ఉంది. కాలిన కొండలను బొమ్మల్లో నల్లటి మరకలుగా ఎన్నోసార్లు చూశాను. మంట చేసే చప్పుడు మాత్రం ఎప్పుడూ వినలేదు. మొదట తాలింపు చిటపటలాడినట్టుంది. గాలి మళ్లగానే, లోడు లారీ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు హోరెత్తింది.

"పైకి పోదాం పాండి" అన్నాడాయన.

"వద్దన్నా. మంట పైకే బిరీన ఎక్కుతాది."

అంతలో పొదల్లోంచి ఒకామె అరుస్తూ వచ్చింది. గొర్రెలు కాసుకునే మనిషి. చంకలో గొర్రెపిల్ల. మందంతా చెదిరిపోయిందట. "దీని తల్లి కిందనే ఉండాదమ్మా! నేను పోయి తోలుకొస్తా" అంటూ పొగవైపే తిరిగింది.

నేను ట్యాబ్ తెరిచాను. ఎడమపక్క, కొండ భుజం దాటాక, బూడిదరంగు మచ్చ ఉంది. ఉత్త రాయి, మా మాటలో పరుపుబండ, అని అర్థం. ఆ మచ్చ దగ్గరికి నేనింకా పోలేదు. ఎండాకాలంలో ఎండుగడ్డిని, ఖాళీ చేలను, రాతిని కంప్యూటర్ ఒకటే అనుకుంటుంది. కనగానపల్లి దగ్గర అది రాయి అని చూపించిన చోటికి పోతే వేరుశనగ పెరికేసిన చేను కనిపించింది. ఇక్కడా అంతే అయితే, ముగ్గురం గడ్డిలోంచి మళ్లీ గడ్డిలోకే పరిగెత్తినట్టవుతుంది.

"ఆ పక్క పరుపుబండ ఉండాది. రాండి!" అన్నాను.

"చూసినారా మేడం?"

"ఉండాదన్నా" అన్నాను. చూశానని చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె కదలలేదు. చెయ్యి పట్టి లాగితే విదిలించేసింది. డ్రైవరు ఒక్క క్షణం చూసి, ఆమె చంకలోని పిల్లను లాక్కుని ఎడమకు పరుగెత్తాడు.

"నా పిల్లను ఎత్తుకపోతాండాడే! నీ చెయ్యి పడిపోనూ!" అని తిడుతూ ఆమె వెంటపడింది. వాళ్ల వెనక నేను.

రేగుముళ్లు చీరేస్తున్నా తెలియలేదు. పొగకు కళ్లు తెరుచుకోవడం లేదు. ట్యాబ్‌లో నేనున్న చోటు చూపే చుక్క బూడిదరంగు మచ్చలోకి వచ్చేసింది. చుట్టూ మాత్రం ఇంకా మొలలోతు గడ్డే.

"బండ యాడ మేడం?" అని డ్రైవరు అరిచాడు.

వీళ్లిద్దరినీ నేనే ఇక్కడికి తెచ్చానన్న ఒక్క మాటే తలలో తిరిగింది. ఇంకొంచెం ముందుకు తోసుకుపోతే పాదం కింద గట్టిగా తగిలింది. గడ్డి పలచబడింది. రాయి బయటపడింది. మ్యాప్‌లో చూపినంత లేదు, మా పెరడంత ఉందేమో. నెర్రెల్లో అక్కడా గడ్డే. ముగ్గురం చేతులతో పీకి బయటికి విసిరాం. తర్వాత నడిమధ్యన బోర్లా పడుకున్నాం. పిల్ల ఆమె పొట్టకింద మూలుగుతోంది. డ్రైవరు అల్లాను, ఆమె కులదైవాన్ని పిలుస్తున్నారు. నా నోటికి ఏ దేవుడూ రాలేదు. రాతిని రెండు చేతులా పట్టుకుని వీపు కాలుతోందా అని ఎదురుచూశాను.

మంట మా రెండు పక్కలా పైకి పోయింది. వెంట్రుకలు మాడిన వాసన. తలెత్తితే కొండంతా నలుపు.

నేల చల్లారేదాకా దిగలేకపోయాం. మంద చాలావరకు వంకలోకి పారిపోయి బతికింది. పిల్ల తల్లి మాత్రం బూడిదలో దొరికింది. ఆమె దాని పక్కన కూర్చుని ఒంటిమీది బూడిదను చేత్తో తుడిచింది. చివరికి డ్రైవరువైపు చూసి, "నోటికొచ్చినట్ల తిడితిని, మనసులో పెట్టుకోవద్దప్పా" అంది. "దానిదేముండాదిలే అక్కా" అని ఆయన, కొండ దిగేటప్పుడు తను ఎత్తుకున్న పిల్లను ఆమె ఒడిలో పెట్టాడు.

తర్వాత నాకు తలుపుల మండలం వైపు చోట్లు ఇచ్చారు. మొదటిరోజే చేను గట్టున ఎవరో చెత్త కాలుస్తూ కనిపించారు. చిన్న మంటే. పక్కనే మనిషి కూడా ఉన్నాడు. జీపు తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాను, రెండోది రాలేదు. డ్రైవరు ఇంజను ఆపలేదు.

"తొందరేముండాది మేడం, కూర్చోండి" అన్నాడు ముందుకే చూస్తూ. ఆ మంట ఆరేదాకా ఇద్దరం జీపులోనే కూర్చున్నాం.