నీళ్లకు పంపిన పిల్ల

సలీమా పట్నం పక్కన ఒక చేపల పల్లెలో ఎనెలెసి నోటికి జడవని మగాడు లేడు. పిల్లను బడి మాన్పించారని తెలిస్తే చాలు, వాళ్ల వాకిట్లో చాప పరుచుకుని కూర్చునేది. "పిల్లను పంపుతావా, పూటపూటా నాకు న్సీమా ముద్ద వండి పెడతావా?" అని ఇంటాయన్ని నిలదీసేది. పంపుతానని మాటిస్తేగాని లేచేది కాదు.

శుక్రవారం మధ్యాహ్నాలు బడి మామిడిచెట్టు కింద పెద్దమనుషులైన పిల్లలకు నెలసరి గుడ్డలు కుట్టడం నేర్పేది. కుడుతూనే ఒంటి సంగతులు, మగపిల్లల మాయమాటలు, నెల తప్పితే ఆసుపత్రిలో ఎవరిని అడగాలి, అన్నీ విప్పి చెప్పేది. పిల్లలు సిగ్గుపడి తలలు వంచుకుంటే, "మీ సిగ్గు తగలెయ్య! తలలు వంచినా చెవులు ఇటు పెట్టండే" అని నవ్వించేది.

ఆ మాటలు ఎత్తుకునే ముందు మాత్రం తన కూతురు తియమికే చేతికి బకెట్ ఇచ్చేది.

"బోరింగు దగ్గర నీళ్లు పట్టుకురా తల్లీ. తొందరేం లేదు."

కన్నతల్లి నోట కూతురు ఆ మాటలు వినకూడదు. వాళ్లలో అంతే. అమ్మమ్మ చెప్పాలి. తియమికే ఈడేరకముందే అమ్మమ్మ పోయింది. ఆవిడ బదులు పిల్లను ఎవరో ఒక పెద్దావిడకు అప్పగించాలని ఎనెలెసి అనుకుంటూనే ఉంది. ఊరి పిల్లల పని తెమిలితే కదా!

వానలు పడుతున్న రోజుల్లో తియమికే కడుపు పట్టుకుని పొయ్యి దగ్గర కూలబడింది. సైకిల్ మీద ఆసుపత్రికి చేర్చారు గాని, సాయంత్రానికే పిల్ల పోయింది. నెల తప్పిందనీ, కడుపు పోగొట్టుకోవడానికి ఏదో వేరు నూరి తాగిందనీ నర్సమ్మ చెప్పింది. ఎనెలెసికి ఏడుపు కూడా రాలేదు.

పాతిపెట్టి వచ్చాక, తియమికే స్నేహితురాలు జియోనే ఎనెలెసి కాళ్ల దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

"చెట్టు కింద నువ్వేం చెప్పావో చెప్పమని నన్నడిగింది పిన్నీ. నాకు సిగ్గేసింది. మీ అమ్మనే అడగవే అన్నాను. 'అమ్మో, నేనడిగితే అమ్మ తలెత్తుకోగలదా?' అంది."

ఎనెలెసి అప్పుడు ఏడ్చింది. ఊరందరి పిల్లలకూ తల్లయి, కన్నపిల్లకు కాలేకపోయింది. అంతకన్నా దుఃఖం ఏముంటుంది?

చాలా వారాలు ఆమె బడివైపు పోలేదు. మళ్లీ వెళ్లిన రోజున, పాఠం మొదలవబోతుంటే, ఆమె రాని వారాల్లో కుట్టుపని చూసుకున్న ఫాలెసి అలవాటుగా తన కూతురు జియోనేకు బకెట్ అందించింది. ఎనెలెసి లేచి దాన్ని లాక్కుంది. బోర్లించి దానిమీదే కూర్చుంది.

"కూర్చోవే జియోనే."

"నా ఎదుటేనా అక్కా?" ఫాలెసి బిత్తరపోయింది. "కన్నతల్లిని, ఎలా వింటుంది? పోయి నీళ్లు తేనీ."

"నేనూ పంపానే నా పిల్లను," అంది ఎనెలెసి. "ఇంకా రాలేదు."